సంగ్రహణి చెప్పిన పాఠం

రోగాలలో అనేకం కడుపులోనే పుడతవని మన పూర్వులు నమ్మారు. జఠరాగ్ని చక్కగా ఉన్నంతకాలం దేహం చక్కగా ఉంటుందని, అది చెడితే తిన్న అన్నమే శత్రువవుతుందని ఆయుర్వేదం బోధించినది. చరకసంహితలోని చికిత్సాస్థానంలో గ్రహణీదోషానికి ఒక అధ్యాయమే కేటాయింపబడి ఉన్నది. అన్నాన్ని పట్టి నిలిపి, పచనమైన పిమ్మట కిందికి విడిచే స్థానానికి గ్రహణి అని పేరు. ఆ స్థానం పట్టు తప్పితే అన్నం ఒకప్పుడు పచనమై, ఒకప్పుడు పచనం కాక వెలుపలికి పోతుంది. మనిషి నానాటికి చిక్కిపోతాడు. నాలుక పుండవుతుంది, నెత్తురు పలచబడుతుంది, ఆకలి చచ్చిపోతుంది. ముదిరిన ఈ స్థితిని జనం సంగ్రహణి అన్నారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ఈ మాట విన్న ఇంటివారు సగం ఆశ వదులుకొనేవారు.

ఈ రోగం ఎందువల్ల వస్తుంది? కొందరు తిండిలో లోపమన్నారు. కొందరు క్రిములన్నారు. రెండు మాటలలోనూ నిజమున్నదని తేలడానికి రెండువందల ఏళ్ళు పట్టినది. ఆ చరిత్రలో ఒక తెలుగువాని ఇంటి దుఃఖమూ, మన రాయలసీమవారికి చిరపరిచితమైన ఒక ఆసుపత్రి శ్రమా ఇమిడి ఉన్నవి. ఈనాడు వైద్యులను వేధిస్తున్న పేగువాపు వ్యాధులను అర్థం చేసుకొనడానికి కూడ ఆ చరిత్రే మంచి దారి.

పాశ్చాత్య వైద్యులలో ఈ రోగాన్ని మొదట వర్ణించినవాడు విలియం హిల్లరీ. వెస్టిండీసులోని బార్బడోస్ ద్వీపంలో తాను చూచిన రోగులను గురించి 1759లో అచ్చయిన గ్రంథంలో ఆయన వ్రాశాడు. 1880లో చైనా తీరాన పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, జావాలోని డచ్చివారు వాడుతున్న మాటను తీసుకొని దీనికి ‘స్ప్రూ’ అని పేరు పెట్టాడు. ఉష్ణదేశాలకు వచ్చిన ఐరోపావారిని పీడించినది గనుక వారు దానిని శ్రద్ధగా గమనించారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో మన దేశంలో బందీలుగా ఉన్న ఇటాలియన్ సైనికులకు కూడ ఇది సోకినది. వారిని పరీక్షించిన మారియో స్టెఫానినీ 1948లో ప్రకటించిన వ్యాసం ఆ రంగంలో ప్రసిద్ధమైనది. అయితే తెల్లవారి దండులో పదిమందికి వస్తే లెక్క వ్రాసిన వైద్యశాస్త్రం, మన పల్లెలలో ఎందరు పోయారో చాలాకాలం లెక్కపెట్టలేదు.

అట్లా లెక్కకు రాని ఇళ్ళలో యల్లాప్రగడవారి ఇల్లు ఒకటి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి చిన్న ఉద్యోగి, సంసారం పెద్దది. యౌవనంలో ఉన్న ఇద్దరు సోదరులను, పురుషోత్తాన్నీ, కృష్ణమూర్తినీ, కొద్దిరోజుల తేడాలో సంగ్రహణి పొట్టన పెట్టుకొన్నది. ఆ తరువాత అది సుబ్బారావుగారికే వచ్చినది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొన్నారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివిన ఆ యువకుడు కొంతకాలం లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించారు. తనను బ్రతికించిన మందు ఎట్లా పనిచేసినదో, తన సోదరులను ఏది చంపినదో ఆనాడు ఎవరూ చెప్పలేకపోయారు.

1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం అభ్యసించారు. పొట్టగడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగులకు ఊడిగం చేశారు. ప్రొఫెసర్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏ.టి.పి.నీ గుర్తించారు. 1940లో లెడర్లీ పరిశోధనశాలలో ప్రవేశించి, అనతికాలంలోనే దానికి పరిశోధనాధ్యక్షులయ్యారు.

ఇక్కడ కథలో బొంబాయి వస్తుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి చేరి, మిల్లు కార్మికకుటుంబాలలోని గర్భిణీస్త్రీలకు వచ్చే తీవ్రమైన పాండురోగాన్ని పరిశీలించారు. ఇనుము ఇచ్చినా తగ్గని ఆ రక్తహీనత ఈస్టుసారంతో తగ్గుతున్నదని 1931లో ఆమె ప్రకటించారు. ఈస్టులో ఉన్న ఆ అజ్ఞాతపదార్థం ఆకుకూరలలోనూ ఉన్నది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి దానిని రాబట్టి, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు.

బస్తాలకొద్దీ ఆకులు నలిపితే చిటికెడు దొరికే పదార్థం రోగుల కెట్లా చాలుతుంది? దానిని కృత్రిమంగా తయారు చేయవలెను. ఆ పని 1945లో లెడర్లీ పరిశోధనశాలలో నెరవేరినది. ఆ విజయాన్ని ప్రకటించిన వ్యాసంపై 16 మంది శాస్త్రజ్ఞుల పేర్లున్నవి, అందులో సుబ్బారావుగారి పేరు ఒకటి. ఈ అన్వేషణలో ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఫలానా ద్రావణంలో ఫోలిక్ ఆమ్లం ఎంతున్నదో కొలవడానికి ఆనాటివారికి ఉన్న తూనిక ఒక సూక్ష్మజీవి. పాలను పులియబెట్టే జాతికి చెందిన లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియాకు ఈ ఆమ్లం లేనిదే పెరుగుదల లేదు. గాజుగొట్టంలో అది ఎంత పెరిగితే ఆమ్లం అంత ఉన్నదన్నమాట. మనిషికి అవసరమైనదే సూక్ష్మజీవికీ అవసరమన్న ఈ సంగతిని గుర్తుంచుకొందాం.

ఆ కొత్తమందును టామ్ స్పీస్ అనే వైద్యుడు క్యూబా, పోర్టోరికో ద్వీపాలలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూచాడు. కొద్దిరోజులలోనే నాలుక పుండ్లు మానినవి. ఆకలి పుట్టినది. నెత్తురు పట్టినది. భీమవరపు సోదరులను బలిగొన్న వ్యాధికి ఇంత చిన్న పసుపుపచ్చని పొడి మందు కావడం అపూర్వం. తిండిలోపమే కారణమన్నవారు గెలిచినట్లే తోచినది.

గెలుపు సగమే. నెత్తురు బాగుపడినా, చాలాకాలంగా బాధపడుతున్నవారిలో పేగు పూర్తిగా బాగుపడలేదు. కొవ్వు జీర్ణం కాకపోవడం, విరేచనాలు తిరుగబెట్టడం కొందరిలో కొనసాగినవి. తినే తిండిలో లోపం లేనివారికి సైతం ఈ రోగం ఎందుకు వచ్చినదనే ప్రశ్న మిగిలిపోయినది.

మిగిలిన సగానికి జవాబు కూడ అదే పరిశోధనశాలలో తయారవుతూ ఉండినది. డెబ్బై ఏళ్ళు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ దేశదేశాల మట్టినమూనాలను పరీక్షిస్తూ, మిస్సోరీ రాష్ట్రపు ఒక పొలంమట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవిని కనిపెట్టాడు. దానినుండి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది తొలిచూలు. 1948లో అది లోకానికి వెల్లడి అయినది. అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో, సుబ్బారావుగారు న్యూయార్కులో హఠాత్తుగా కన్నుమూశారు. 1950లలో బ్రిటిషు వైద్యులూ, 1960లలో పోర్టోరికోలో పనిచేసిన వైద్యులూ సంగ్రహణిరోగులకు ఇటువంటి మందులను నెలల తరబడి ఇచ్చి, పేగు తిరిగి ఆరోగ్యం పొందడం చూచారు. తన సోదరుల వ్యాధికి ఉభయ ఔషధాలూ తన ఏలుబడిలోనే పుట్టినవని తెలుసుకొనే భాగ్యం ఆయనకు లేకపోయినది.

బాక్టీరియాను అణచే మందు పనిచేసినది గనుక దోషం బాక్టీరియాదేనా? ఈ ప్రశ్న మనలను రాయవేలూరుకు తీసుకొనిపోతుంది. సింహాద్రిపురం, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాలవారికి రాయవేలూరు పేరు కొత్త కాదు. స్థానికవైద్యానికి లొంగని జబ్బు వస్తే రైలెక్కి పోయే ఊరది. ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క మంచంతో ఆరంభించిన వైద్యశాల క్రమంగా క్రైస్తవ వైద్యకళాశాలగా పెరిగినది. ఆ ఊరు కేంద్రంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాకూ మన సీమకూ సంబంధం కూడ పాతదే. 1911లో ఉత్తర ఆర్కాటునుండి కొన్ని తాలూకాలను, కడప జిల్లానుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరచారు.

1960-62 సంవత్సరాల మధ్య ఆ ఉత్తర ఆర్కాటు పల్లెలలో సంగ్రహణి మహమ్మారి రూపంలో విరుచుకొనిపడినది. ఒక ఊరిలో ఒకరిద్దరికి విరేచనాలతో మొదలై, ఇంటినుండి ఇంటికి వ్యాపించి, కొందరిలో వారాలు, నెలలు గడచినా తగ్గక, వేలాదిమంది జబ్బుపడ్డారు, ఎందరో మరణించారు. సెల్విన్ బేకర్, వి. ఐ. మథాన్ మొదలైన రాయవేలూరు వైద్యులు ఆసుపత్రిలో కూర్చొనక ఆ పల్లెలకు వెళ్ళి, ఇల్లిల్లూ తిరిగి లెక్కలు వ్రాశారు. ఒక రోగం ఇట్లా ఊరంతటికీ పాకినదంటే దానికి తిండిలోపం ఒక్కటే కారణం కాజాలదు. ఏదో సూక్ష్మజీవి ఈ వినాశానికి నాంది పలికి ఉండవలెను.

దానికోసం ఎంతో వెదికారు. కాని కలరాకు కలరాక్రిమి ఉన్నట్లు, క్షయకు క్షయక్రిమి ఉన్నట్లు, సంగ్రహణికి ఒకే ఒక దోషి పట్టుబడలేదు. పట్టుబడినవి వేరే రెండు సంగతులు. మొదటిది, సంగ్రహణిరోగుల చిన్నపేగు పైభాగంలో, సాధారణంగా పెద్దపేగులో ఉండవలసిన బాక్టీరియా విస్తారంగా కాపురం చేస్తున్నవి. రెండవది మరింత విచిత్రమైనది. ఏ జబ్బూ లేక పొలంపని చేసుకొంటున్న ఆ ప్రాంతపు పల్లెవాసులలో కూడ అటువంటి బాక్టీరియా ఉన్నవి. వారి పేగు లోపొరపై ఉండే చూషకాలు కూడ పాశ్చాత్యదేశీయుల పేగులో కంటె పొట్టిగా ఉన్నవి. అంటే బాక్టీరియా ఉండడమే రోగం కాదు. కొందరిలో అవి ఒదిగి ఉన్నవి, కొందరిలో హద్దు మీరినవి.

హద్దు మీరడం ఎట్లా జరుగుతుందో ఊహించవచ్చును. పేగు లోపొర మూడు నుండి అయిదు రోజులకొకసారి కొత్తగా పుడుతూ ఉంటుంది. ఆ పుట్టుకకు ఫోలిక్ ఆమ్లం కావలెను. తీవ్రమైన విరేచనాలతో పొర దెబ్బతిన్నప్పుడు చిన్నపేగు కదలిక మందగించి, బాక్టీరియా అక్కడ తిష్ఠ వేస్తవి. పొర మరింత చెడుతుంది. చెడిన పొర ఫోలిక్ ఆమ్లాన్ని పీల్చుకొనలేదు. అది చాలక కొత్తపొర సరిగా పుట్టదు. ఒకటి రెండవదానికి, రెండవది మొదటిదానికి కారణమయ్యే ఈ చక్రంలో రోగి నలిగిపోతాడు. ఆ చక్రాన్ని ఒకవైపు ఫోలిక్ ఆమ్లం, మరొకవైపు టెట్రాసైక్లిన్ ఆపుతవి. అందువల్లనే రెంటినీ కలిపి ఇవ్వడం నేటికీ ఆచారంగా ఉన్నది. దక్షిణభారతంలో మాత్రం పోర్టోరికోలో వలె అందరూ ఒకే తీరున కోలుకోలేదు. ఒకచోటి పేగు మరొకచోటి పేగు వంటిది కాదు.

సంగ్రహణి అట్లా వ్యాపించి ప్రాణాలు తీయడం ఈనాడు అరుదైనది. కాని అది అడిగిన ప్రశ్న వేరొక రూపంలో మళ్ళీ వచ్చినది. పెద్దపేగులో పుండ్లుపడి నెత్తురుతో విరేచనాలయ్యే వ్యాధిని 1859లో లండను వైద్యుడు శామ్యూల్ విల్క్స్ ప్రత్యేకవ్యాధిగా పేర్కొన్నాడు. దానిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. 1932లో న్యూయార్కులో బర్రిల్ క్రోన్, ఆయన సహచరులు చిన్నపేగు చివరిభాగం వాచి దళసరి అయ్యే మరొక వ్యాధిని వర్ణించారు. అది క్రోన్స్ వ్యాధి. ఈ రెంటినీ కలిపి పేగువాపు వ్యాధులు అంటున్నారు. ఇవి ఏళ్ళతరబడి వేధిస్తవి. కొంతకాలం తగ్గి మళ్ళీ రేగుతవి. పనిచేసే వయస్సువారినే ఎక్కువగా పట్టుకొంటవి.

చాలాకాలం ఇవి తెల్లవారి జబ్బులనీ, పట్టణాల జబ్బులనీ అనుకొన్నారు. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాలలో అల్సరేటివ్ కొలైటిస్ అక్కడి తెల్లవారిలో కంటె ఎక్కువగా ఉన్నట్లు 1990లలో తేలినది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఇటీవల పల్లెలకు వెళ్ళి పరీక్షలు జరిపి, ఇది మన గ్రామాలలోనూ ఉన్నదని నిరూపించారు.

వీటిలో బాక్టీరియా పాత్ర ఏమిటి? మన శరీరంలో నివసించే బాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఒక అంచనా వెలువడినది. ఇంచుమించు మన కణాలెన్నో అవీ అన్ని. వాటిలో అత్యధికభాగం పెద్దపేగులో ఉన్నవి. మనకు జీర్ణంకాని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తవి. పెద్దపేగు లోపొరకు అదే ముఖ్యాహారం. జొన్నసంగటిలోనూ, కొర్రన్నంలోనూ, పప్పులోనూ, ఆకుకూరలోనూ మనం తినే భాగం కొంత, మన అతిథులు తినే భాగం కొంత.

ఇటువంటి సహజీవనం చెడినచోట పేగువాపు పుడుతున్నదని అనేక ఆధారాలున్నవి. జన్యులోపం కలిగించిన చుంచెలుకలకు పేగువాపు వస్తుంది. కాని వాటినే సూక్ష్మజీవులు సోకని గదిలో పెంచితే వాపు రాదు. బెల్జియంలోని లూవెన్ వైద్యులు 1991లో మరొక సంగతి చూపారు. శస్త్రచికిత్స అయిన క్రోన్స్ రోగులలో మలప్రవాహాన్ని పేగుకు తగలకుండా పక్కకు మళ్ళిస్తే, ఆ భాగంలో వ్యాధి తిరుగబెట్టలేదు. 2001లో క్రోన్స్ వ్యాధితో సంబంధమున్న మొదటి జన్యువు దొరికినది. బాక్టీరియా గోడలోని ముక్కలను గుర్తుపట్టడమే ఆ జన్యువు చేయించే పని. అయితే ఐరోపావారిలో కనిపించిన ఆ జన్యుమార్పులు దక్షిణభారత రోగులలో దాదాపు లేవని రాయవేలూరు పరిశోధకులే కనుగొన్నారు. మన పేగు చరిత్ర వేరని మరొకసారి రుజువైనది. 2013లో అదే సంస్థవారు పేగువాపు రోగులను, ఆరోగ్యవంతులను పోల్చి, బ్యూటిరేట్ తయారుచేసే బాక్టీరియా వర్గం రోగులలో క్షీణించి ఉన్నట్లు ప్రకటించారు. అది వ్యాధికి కారణమా, ఫలితమా అన్న చర్చ ఇంకా సాగుతున్నది.

అట్లాగైతే సంగ్రహణికి వలె దీనికీ టెట్రాసైక్లిన్ చాలదా? చాలదు. ఈ రెంటికీ గల ముఖ్యభేదం ఇదే. సంగ్రహణిలో బాక్టీరియా తమ చోటు విడిచి వచ్చినవి, వాటిని అణచితే పేగు నిలదొక్కుకొన్నది. పేగువాపులో బాక్టీరియా ఎక్కువగా తమ చోటనే ఉన్నవి. వాటిని సహించవలసిన శరీరపు రక్షణశక్తి సహనం కోల్పోయి పేగునే కాలుస్తున్నది. కంచె చేను మేసిన తీరు ఇది. అప్పుడు బాక్టీరియాను మూకుమ్మడిగా చంపబూనడం ఎలుకలున్నవని ఇంటికి నిప్పుపెట్టుకొనడమే. కొన్ని ప్రత్యేకసందర్భాలలో వైద్యులు యాంటీబయాటిక్ మందులు ఇస్తారు కాని, అవి ఈ వ్యాధికి మూలచికిత్స కావు. పైగా బాల్యంలో వాటిని పదేపదే వాడినవారిలో క్రోన్స్ వ్యాధి అధికంగా కనిపిస్తున్నదని పరిశీలనలు హెచ్చరిస్తున్నవి. ఆరోగ్యవంతుల మలంలోని బాక్టీరియాను రోగి పేగులో నాటే ప్రయత్నాలు కూడ జరిగినవి. 2015లో కెనడాలో కొంత మేలు కనిపించగా, అదే యేట నెదర్లాండ్సులో స్పష్టమైన తేడా కనిపించలేదు.

కనుక నేటి చికిత్స ప్రధానంగా రక్షణశక్తి ఆగ్రహాన్ని చల్లార్చేది. అటువంటి మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. క్రోన్స్ వ్యాధిలో అది పనిచేస్తుందని 1995లో రుజువైనది. దాని పుట్టుక తెలిస్తే కథ మళ్ళీ మన భీమవరపు బిడ్డ దగ్గరికే వస్తుంది. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని కొద్దిగా మార్చి, దానికి ప్రతికూలంగా పనిచేసే పదార్థాలను లెడర్లీవారు సుబ్బారావుగారి కాలంలోనే తయారు చేశారు. పిల్లల రక్తక్యాన్సరులో సిడ్నీ ఫార్బర్ వాడినది వాటిలో ఒకదానినే. మెథోట్రెక్సేట్ వాటిలో మరొకటి. లోపాన్ని తీర్చేది, మితిమీరిన బాక్టీరియాను అణచేది, మితిమీరిన రక్షణశక్తిని అణచేది, ఈ మూడు మందులూ ఒకే పరిశోధనశాల నుండి వచ్చినవి. మెథోట్రెక్సేట్ వాడే రోగికి వైద్యుడు తోడుగా ఫోలిక్ ఆమ్లం కూడ ఇస్తాడు.

ఈ చరిత్రవల్ల సంసారులకు కలిగే ప్రయోజనమేమిటి? మన దేశంలో పేగుకు వచ్చే క్షయ, క్రోన్స్ వ్యాధి చూడడానికి ఒక్క తీరుగా ఉంటవి. ఒకదానికి ఇచ్చే మందు రెండవదానికి కీడు చేయగలదు. కనుక పరీక్ష లేని చికిత్స ప్రమాదం. వారాల తరబడి తగ్గని విరేచనాలు, మలంలో నెత్తురు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవి సిగ్గుపడి దాచవలసినవి కావు. మొలలని తామే తేల్చుకొని ఆకుపసరుతో ఏళ్ళు గడిపేవారు, అంగడిలో అడిగి నాలుగు యాంటీబయాటిక్ బిళ్ళలు మింగేవారు తమకు తామే అపకారం చేసుకొంటున్నారు. వ్యాధి శాంతించినదని మందు మానివేయడం కూడ అట్టిదే.

గ్రహణిరోగికి మన ప్రాచీనులు మజ్జిగ మెచ్చుకొన్నారు. అందులో బాక్టీరియా ఉన్నవని వారెరుగరు. అయినా కడుపులో అగ్నిని చంపరాదు, చెలరేగనీయరాదు, సమంగా ఉంచవలెనన్న సూత్రం వారికి తెలుసు. ఆ సూత్రానికి కొలతలు, పేర్లు, మందులు చేకూర్చడమే ఆధునికశాస్త్రం చేసిన పని. ఇద్దరు సోదరులను పోగొట్టుకొన్న ఒక ఇంట ఆ పనికి బీజం పడినది. ఆనాడు వారికి దొరకని ఫోలిక్ ఆమ్లం ఈనాడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే బిళ్ళలో ఉన్నది.